రెక్క ఎత్తిన పిల్ల

సింగారమ్మ అనే కోడిపెట్టకి మూడేళ్లు. గట్టిగా కిచకిచమన్న ఆడపిల్లని నెత్తిమీద పొడవడం ఆమెకి అలవాటు.

ఆ పెరట్లో పిల్లలకి చదువు చెప్పేది పుంజు మాస్టారు. ఆయన దగ్గర మగపిల్లలు రోజంతా కూత నేర్చుకుంటారు. ఆడపిల్లలు మాట్లాడాలంటే రెక్క ఎత్తి, ఆయన "ఊఁ" అనేదాకా ఆగాలి.

"నేను రెక్క ఎత్తితే మాస్టారు చూడరే అమ్మా," అంది సింగారమ్మ చిన్నకూతురు మిరియం.

"చూసేదాకా నిలబడు. అడక్కుండా వాగితే తోలు వలిచెయ్యమని నేనే చెప్పానాయనకి."

ఒక పొద్దున మిరియానికి పైన గద్ద కనిపించింది. వెంటనే రెక్క ఎత్తింది. మాస్టారు ఒక మగపిల్ల కూత సరిదిద్దుతున్నాడు. "గొంతు పైకి లాగు నాయనా, పైకి!"

గద్ద కిందికి దిగింది. మిరియం రెక్క ఇంకాస్త పైకెత్తింది. గద్ద ఆ రెక్క పట్టుకునే ఎగిరిపోయింది.

"అది ఒక్క అరుపు అరిస్తే నువ్వు పరిగెత్తుకెళ్లేదానివి కదే, పిల్ల దక్కేది," అంది సింగారమ్మతో పక్కనున్న ముసలి బాతు.

సింగారమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంది, "పోయేటప్పుడు కూడా నోరెత్తలేదు పిన్నీ, నా తల్లి. పెంపకమంటే అదీ."

మళ్లీ పొదిగిన పిల్లల్ని కూడా ఆమె ఆ మాస్టారి దగ్గరే వేసింది.