పాసైన పంపు

"జిడ్డు మళ్ళీ వచ్చాడు సార్," అన్నాడు గుమాస్తా, తలుపు సందులోంచి తల దూర్చి.

వైద్య పరికరాల తనిఖీ అధికారి మొహం చిట్లించాడు. వారం రోజులుగా ఇదే గోల. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, పీక్కుపోయిన కళ్ళు, చేతిలో ఓ గుడ్డసంచి. ఆ మనిషికి జిడ్డు అని పేరు పెట్టింది అధికారిగారే. ఇలాంటి శాల్తీలను చూస్తేనే ఆయనకు ఒళ్ళు మంట. మందు సరిగ్గా వేసుకోరు, చెప్పింది వినరు, చివరికి తప్పంతా మెషీనుదే అంటారు. ఇంట్లో మిక్సీ పాడైనా ప్రభుత్వాన్ని తిట్టే రకం.

"రమ్మను. ఇవాళ దులిపేస్తాను."

జిడ్డు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సంచిలోంచి అరచేతంత పంపు తీసి బల్లమీద పెట్టాడు. రోగి నరంలోకి మందును చుక్కచుక్కగా ఎక్కించే పంపు అది. దాని వీపున ఈ ఆఫీసు ముద్ర ఉంది.

"ఇది ఆపించండి సార్. వేడెక్కితే లోపల స్ప్రింగు వదులైపోతోంది. రోజంతా ఎక్కాల్సిన మందు ఒక్కసారే ఎక్కేస్తోంది. నిన్న ఒకామె చావు తప్పి బయటపడింది."

"నిన్ను కూర్చోమన్నానా?"

జిడ్డు లేచి నిలబడ్డాడు.

"పోయి ఆసుపత్రులవాళ్ళకు చెప్పుకో."

"అందరికీ చెప్పానండీ. ముద్ర వేసినవాళ్ళే ఆపమనాలి అంటున్నారు. ఇప్పుడు కూడా వాడుతూనే ఉన్నారు సార్! మీరొక్క ఆర్డరు ఇస్తే..."

"నువ్వు డాక్టరువా?"

"కాదండీ, నేను..."

"మరి నోర్ముయ్. ప్రతి అడ్డమైనవాడూ నాకు చెప్పేవాడే!"

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. దాంతో అధికారిగారికి హుషారొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి అందుకున్నాడు.

"నేనేదో కళ్ళు మూసుకుని ముద్ర గుద్దాననుకున్నావా? స్వయంగా ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఒక్కో పంపూ విప్పించి చూశాను. ఆ యజమానితో కూర్చుని కాఫీ తాగాను. ఎంత పెద్దమనిషనుకున్నావ్! అలాంటివాడి మీద బురద చల్లడానికి సిగ్గులేదూ?"

జిడ్డు ఆయన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపులో ఇప్పటిదాకా ఉన్న ప్రాధేయపాటు లేదు.

"యజమానిని మీరు చూశారా? మీ కళ్ళతో?"

"చూడ్డమేంటయ్యా, నా భుజం మీద చెయ్యేసి మరీ సాగనంపాడు. ఆయనొచ్చి ఈ పంపులో లోపముందని నాతో ఒక్క మాట అనమను, ఈ క్షణమే ఆర్డరు రాస్తాను. నీబోటి గుడ్డసంచి గాళ్ళు చెబితే రాయను. ఇక దయచెయ్యి."

జిడ్డు కదల్లేదు. పంపును అధికారి ముందుకు జరిపి, "అయితే రాయండి సార్, ఆ యజమానిని నేనే," అన్నాడు.