నాలుగు బొరుగుల ఉండలు

“కిటికీ మూయద్దండీ! దుమ్ము పడితే పడనీ, నా మొగమే గదా!” అంది పంకజాక్షి.

బస్సు తారానగర్ దాటి సండూరు కొండల్లోకి తిరిగింది. పంకజాక్షి బళ్ళారి పిల్ల. బోడి గుట్టలు తప్ప వేరే కొండలెరగదు. ఇక్కడేమో వానలు పడి కొండలన్నీ పచ్చగా, కింద మట్టి కుంకుమ పోసినంత ఎర్రగా ఉన్నాయి. పెళ్ళయిన రెండేళ్ళకు, బట్టల కొట్లో గుమాస్తా అయిన మొగుడు శ్రీనివాసులుకు ఒక్క రోజు సెలవు దొరికితే, కుమారస్వామి కొండ చూసొద్దామని బయల్దేరారు. రెండేళ్ళ కరువూ ఈ పూటకే తీర్చుకోవాలని ఆమె పట్టుదల.

పక్క సీట్లో నాగరత్నమ్మ అనే ఆమె కూర్చుంది, బళ్ళారిలోనే కౌల్‌బజారు ఆమెది. యాభై దాటిన మనిషి. బస్సెక్కింది మొదలు ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. ఒళ్ళో కాగితం పొట్లం, దాని మీద రెండు చేతులూ.

“ఏముండాదమ్మా అందులో, అంత భద్రంగా పట్టుకున్నావు?” అని పంకజాక్షి అడగనే అడిగింది.

“బొరుగుల ఉండలు తల్లీ. నాలుగే. కొండ మీది గుడికి.”

శ్రీనివాసులు నవ్వాడు. “కుమారస్వామికా? టెంకాయ, పూలు గదమ్మా తీసకపోయేది?”

“ఇవంటే ఇష్టమప్పా. ఎనిమిదేండ్లుగా తెస్తాండా. ఎవరో ఒక పుణ్యాత్ముని చేత లోపలికి పంపిస్తా. పోయింది పోయినట్లే తిరిగొస్తాది. ఈ ఏడన్నా తీసుకుంటే అంతే చాలు. ఇంకేమీ అడగను.”

ఆ మాటలోని ఆశకు పంకజాక్షి మనసు కరిగిపోయింది. “పంపేదేంది? నువ్వే తీసకపోయి ఇయ్యి.”

“ఆడోళ్ళు ఆ స్వామిని చూడకూడదు గదా తల్లీ! నీకు తెలీదా?”

పంకజాక్షి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. శ్రీనివాసులు గబగబా కొండల వైపు తిరిగాడు.

“తెలిసే తీసుకొచ్చినారా నన్ను?”

“నాకేం తెలుసే! కొట్లో అందరూ బాగుంటాది, పోయి రాపో అంటేనూ...”

“ఆ అందరూ మగోళ్ళే గదా!”

కండక్టరు కూడా నవ్వేశాడు. పంకజాక్షి కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, ఉండబట్టలేక మళ్ళీ నాగరత్నమ్మనే అడిగింది. “ఆడోళ్ళ మీద అంత కోపమేంది ఆ స్వామికి?”

“అమ్మ మీద అలిగి వచ్చినాడంట తల్లీ. తాగిన పాలు కూడా కక్కేసి, ఇంగ ఆడదాని మొగం చూడనన్నాడంట.”

“ఎందుకలిగినాడో?”

“తల్లి ఏదో ఒక మాట అనుంటాది. అన్నాక వెనక్కి తీసుకోలేము గదా” అని నాగరత్నమ్మ పొట్లం సర్దుకుంది.

సండూరులో దిగి, మాంగనీసు రాయి కోసం పోతున్న ఖాళీ లారీలో ముగ్గురూ కొండెక్కారు. మలుపు తిరిగినప్పుడల్లా లోయ ఇంకాస్త కిందికి జారింది. అడవి మీద మబ్బు నీడలు పాకుతుంటే పంకజాక్షి కోపం సంగతే మరిచిపోయి “అదో, అదో!” అంటూ చేయి చూపించింది. నాగరత్నమ్మ మాత్రం తల పైకెత్తి, ఇంకెంత దూరమని డ్రైవర్ని మూడుసార్లు అడిగింది.

గుడి దగ్గర ఆమె పొట్లం శ్రీనివాసులు చేతిలో పెట్టింది. ఇచ్చాక కూడా వెంటనే వదల్లేదు.

“గడప పక్కన పెట్టప్పా, చాలు. ఎవరడిగినా నా పేరు చెప్పద్దు.”

అతను లోపలికి పోయాడు. ఆడవాళ్ళిద్దరూ పక్కనున్న అమ్మవారి గుడి మెట్ల మీద కూర్చున్నారు. చల్లటి గాలి వీస్తోంది.

“రాత్రులు ఈడ చలి ఎక్కువేమో” అంది నాగరత్నమ్మ.

“స్వామికి చలేందమ్మా!” అని పంకజాక్షి నవ్వింది. నాగరత్నమ్మ నవ్వలేదు.

శ్రీనివాసులు బయటికొచ్చాడు. నొసట విబూది ఉంది గానీ మొహంలో కళ లేదు. చేతులు ఖాళీ.

నాగరత్నమ్మ లేచి నిలబడింది. “పొట్లం యాడప్పా?”

“తప్పయిపోయిందమ్మా. నువ్వు చెప్పినట్లే గడప పక్కన పెట్టినా. ఇంట్లో చేసింది స్వామికి పెట్టకూడదన్నాడు పూజారి. సరేలే అని నేను వెనక్కి తీసుకునే లోపల, ఒకాయప్ప వచ్చినాడు. గుళ్ళోనే ఉంటాడంట, నీళ్ళు మోస్తాడంట. గడ్డమూ వాడూ! బిందె దించి పొట్లం విప్పినాడు.”

“విప్పినాడా?”

“విప్పి వాసన చూసినాడు. ఒకటి సగం కొరికి అట్లే నిలబడిపోయినాడు. ఆ మీదట గోడకానుకోని కూర్చోని నాలుగూ తినేసినాడమ్మా! స్వామికి తెచ్చింది అంటే వింటేనా? పొలమారి కండ్లల్లో నీళ్ళు కారతాండినా నిలపలేదు. కాగితంలో రాలిన పొడి కూడా వదల్లేదు.”

పంకజాక్షి మొగుడి మీద విరుచుకుపడింది. “చూస్తా నిలబడినారా? ఎనిమిదేండ్ల ఆశ ఆయమ్మది! లాక్కోని రాలేకపోయినారా?”

“తినేవాని నోటికాడిది ఎట్ల లాగేదే!”

నాగరత్నమ్మ మెట్టు మీద కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పంకజాక్షి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

“ఊరుకోమ్మా. వచ్చే ఏడు నేనే చేసి తెస్తా. స్వామి తినకుండా యాడికి పోతాడు?”

నాగరత్నమ్మ తల అడ్డంగా ఊపి, కొంగు తీసి, ఎనిమిదేళ్ళకు మొదటిసారి నవ్వింది.

“ఆ తినింది నా కొడుకు తల్లీ.”