పోస్టరుకి ఆరు పేజీలు

"ఇవి మేం ప్రింటు వెయ్యలేమండీ," అంది ఫోటో కౌంటర్లో మార్లీస్, కంప్యూటర్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఏం? మిషను పాడైందా?" అంది ఆర్డిస్.

"మిషను బానే ఉంది. మీ పేజీలే మరీ బాగున్నాయి. ఎవరో స్టూడియోవాళ్ళు చేసినట్టున్నాయి. వాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకంతో కాగితం తెస్తే తప్ప మేం వెయ్యకూడదు."

పొగిడిందో తిట్టిందో ఆర్డిస్‌కి అర్థం కాలేదు. చలికాలమంతా కంప్యూటరు ముందు కూచుని, పాత ఫోటోలకి అంచులూ, రిబ్బన్ల బొమ్మలూ, ఎండుటాకుల బొమ్మలూ అమర్చి ముప్ఫై ఆరు ఆల్బం పేజీలు చేసింది. విడివిడిగా వేయిస్తే తన పింఛను చాలదు. అందుకే పది అంగుళాల పేజీలు ఆరింటిని ఒక పెద్ద పోస్టరు మీద రెండు వరసల్లో సర్దింది. ఆరు పోస్టర్లు వేయించి ఇంట్లో కత్తిరించుకుంటే సరిపోతుంది. పైగా ఇవాళ సాయంత్రం అయిదింటిదాకా పోస్టర్లు సగం ధర.

"నా చేత్తో నేనే చేశానమ్మా. స్టూడియో లేదు, గీడియో లేదు."

"మరి ఫోటోలెవరివి?"

"మా ఇంటివే. మాది ఈ ఊరే, సరస్సు పక్కన."

ఇది మాత్రం అబద్ధం. కిందటి వేసవిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పరిచి అమ్మిన పాత సామాన్లలో, ఓ బూట్ల పెట్టె నిండా దొరికాయి ఆ ఫోటోలు. వాటిలో ఉన్నవాళ్ళెవరో ఆర్డిస్‌కి తెలియదు. చిన్నప్పుడు ఆమె అయిదుగురి ఇళ్ళలో పెరిగింది. ఆ అయిదిళ్ళలోనూ ఆమె వైపు కెమెరా తిప్పినవాళ్ళు లేరు.

"మీవే అయితే ఈవిడెవరు?" మార్లీస్ తెరమీద వేలు పెట్టింది. మోచేతులదాకా పిండితో, నోరు బార్లా తెరిచి ఉంది అందులో ఒకావిడ.

"మా అమ్మ. లెఫ్సె రొట్టెలు కాలుస్తోంది," ఆర్డిస్ తడుముకోలేదు. "పాడుతోంది కూడా. గొంతు బాలేదని చర్చిలో పాడేవాళ్ళ గుంపులోంచి తీసేశారు. ఆ కసంతా వంటింట్లో తీర్చుకునేది."

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. "మా అత్తగారూ అంతే. వినలేక చచ్చేవాళ్ళం," అందొకావిడ. చెబుతుంటే, పెనం మీద మాడుతున్న పిండి వాసన ఆర్డిస్‌కి నిజంగానే తగిలింది.

మార్లీస్ ఊరుకునేలా లేదు. "మరి ఈ కారో?"

మంచులో జారి గోతిలోకి దిగబడిన కారు. చుట్టూ నిలబడి జనం పగలబడి నవ్వుతున్నారు.

"మా నాన్నది. కొన్న వారానికే..."

"నంబరు ప్లేటు పక్క రాష్ట్రానిది, నార్త్ డకోటాది. మీది ఈ ఊరే అన్నారుగా?"

వరసలో నవ్వులు ఆగిపోయాయి. పెన్‌డ్రైవు లాక్కుని వెళ్ళిపోదామా అనుకుంది ఆర్డిస్.

"నాన్నది కాదమ్మా, మీ మామయ్యది," అంది వెనకనుంచి ఓ గొంతు. ఆమె ఈడువాడే, చెవులు కప్పే టోపీ పెట్టుకున్నాడు. "మర్చిపోయినట్టున్నావు. ఏటా క్రిస్మస్‌కి డకోటా నుంచి వచ్చేవాడు. ఏటా అదే మలుపు, అదే గొయ్యి." మార్లీస్ వైపు తిరిగాడు. "మాది వీళ్ళ పక్కిల్లు. తాడుకట్టి లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకా ఏం కావాలి, వాళ్ళ కుక్క పేరు చెప్పనా?"

"వద్దులెండి బాబూ," అంది మార్లీస్. మిషను గుర్రుమంటూ కదిలింది.

ఆర్డిస్ ఆయన ముఖం వైపు చూడలేకపోయింది. ఎవరో పుణ్యాత్ముడు తన అబద్ధం మీద ఇంకో అబద్ధం కప్పాడు.

మొదటి పోస్టరు మెల్లగా బయటికొస్తోంది. ఓ పేజీలో, గడ్డకట్టిన సరస్సు మీద, పెద్ద చేపని రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాడు ఓ పిల్లాడు.

"వీడెందుకు ఏడుస్తున్నాడంటావు?" అన్నాడు టోపీ ఆయన.

"చేపని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యమని," అంది ఆర్డిస్. ఆ జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"వదిలేశారా?"

"వదలకుండా ఎలా ఉంటారు? పిల్లాడు అంతగా ఏడుస్తుంటే!"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పోస్టర్ల చుట్ట చంకన పెట్టుకుని ఆర్డిస్ బయటికి వచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీరు లేకపోతే నలుగురిలో నా పరువు పోయేదండీ," అంది. ఇక దాచబుద్ధి కాలేదు. "వాళ్ళెవరూ నావాళ్ళు కారు. ఆ పెట్టెని ఓ వాకిట్లో పాత సామాన్లతో పాటు కొన్నాను."

"తెలుసు. ఆ పెట్టె కోసం నేను వెళ్ళేసరికే అమ్ముడుపోయింది."

ఆర్డిస్ అలాగే నిలబడిపోయింది. "అయితే మీరు లోపల అన్నదంతా..."

"ఒక్కటే అబద్ధం," అన్నాడాయన, చుట్ట రెండో కొసని ఆసరాగా పట్టుకుంటూ. "మాది పక్కిల్లు కాదు, అదే ఇల్లు. పద అక్కా, అయిదయ్యేలోగా నాకూ ఒక కాపీ వేయిద్దువుగాని."