కిత్తనార నీడ

రాళ్ళగట్టు మీద ఒక కిత్తనార మొక్క ఉండేది. దాని ముళ్ళకు భయపడి ఎవరూ దగ్గరికి వచ్చేవారు కాదు. ఒక్క తాబేలు మాత్రం రోజూ దాని నీడన పడుకునేది.

ఇరవయ్యో ఏట కిత్తనార పొడుగాటి కాడ వేసి పూసింది. తేనెపిట్టలు ముసిరాయి.

"ఇన్నాళ్ళకు నాకు తోడు దొరికింది," అంది కిత్తనార.

తాబేలు మెడ అంత ఎత్తు లేవదు. దానికి పూలు కనబడలేదు, ఎండిపోతున్న కింది ఆకులే కనబడ్డాయి.

"ఒంట్లో నీళ్ళన్నీ పూలకే పోస్తే బతకవే," అంది.

కిత్తనార వినిపించుకోలేదు.

పూలు రాలాయి. పిట్టలు వెళ్ళిపోయాయి. మొక్క ఎండి కూలిపోయింది. దాని మొదట్లో ఒక చిన్న పిలక మిగిలింది.

"నా దగ్గరికి ఎవరూ రారేం?" అనడిగింది పిలక.

తాబేలు ఒళ్ళంతా ఎండలోనే ఉంచి, అరచేతంత నీడలో తల పెట్టుకుని పడుకుంది.