యువజన సంఘం కింది బెర్తులు

వీపుసంచులు తగిలించుకుని కొండల్లో నడవడానికి బయల్దేరిన యువజన సంఘం రైలెక్కింది. "కొండెక్కాలంటే కుర్రతనం ఉండాలి!" అని అధ్యక్షుడు ఉపన్యసించాడు. సభ్యులు ఈలలు వేశారు.

టికెట్ కలెక్టర్ వచ్చి అధ్యక్షుడి కింది బెర్తు దగ్గర ఆగాడు. "ఇది అరవై దాటినవాళ్ళ కోటా. సీనియర్ సిటిజన్ కార్డు చూపించండి."

అధ్యక్షుడు రంగేసిన మీసం తడుముకున్నాడు. కార్డు చాటుగా అందిస్తూ, "గట్టిగా అనకండి బాబూ, మా కుర్రాళ్ళు వింటే పరువు పోతుంది" అని గొణిగాడు.

"ఏ కుర్రాళ్ళండీ? మీవాళ్ళ బెర్తులన్నీ ఈ కోటావే."

అధ్యక్షుడు తలతిప్పి చూశాడు. అందరి చేతుల్లోనూ అదే కార్డు.

"ఇదేంట్రా?"

కార్యదర్శి బట్టతల గోక్కున్నాడు. "మీరు కుర్చీ దిగితే ఎక్కుదామని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాం అన్నా. చూస్తూ ఉండగానే మాకూ అరవై దాటాయి."