మోకాలి లోతు నీళ్లు

"ఓయ్ ముసలోడా! గూళ్ల కాడ ఏం పని నీకు? బయటికి రా!"

కట్ట మీద నిలబడి మధుకర్ వేసిన కేకకు తుమ్మ చెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకున్నాయి. కొంగలను బెదరగొట్టకూడదని ఊరూరా ఉపన్యాసాలు చెప్పేది కూడా ఆయనే.

నడుము లోతు నీళ్లలో ఉన్న ముసలాయన తలెత్తి చూశాడు. నెత్తిన మట్టి నింపిన బస్తా, చేతిలో పార.

"నీళ్లు చూస్తున్న సారూ."

"నీళ్లు చూసెటోనికి చెట్ల కింద ఏం పని? గుడ్ల కోసం వచ్చినవా, పిల్లల కోసమా?"

ముసలాయన ఏదో అనబోయాడు. అప్పటికే సంఘం సంయుక్త కార్యదర్శి రిషిత ఫోన్‌లో ఫొటో తీసేసింది.

జనగామ ప్రకృతి పరిశీలకుల సంఘం అంటే మధుకర్, మధుకర్ అంటే సంఘం. కాలేజీలో జువాలజీ చెబుతాడు. రఘునాథపల్లి అవతల ఈ తుమ్మలకుంటలో ఏడేళ్ల కిందట ఎర్రకాళ్ల కొంగలు మొదటిసారి గూళ్లు కట్టినప్పుడు, పన్నెండు మందిని పోగేసి సంఘం పెట్టాడు. ఇప్పుడు మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా శాఖలున్నాయి. మన సంరక్షణ వల్లనే కొంగలు ఏటా వస్తున్నాయని సభల్లో చెప్పి చెప్పి, చివరికి ఆ మాట తనే నమ్మేశాడు.

వచ్చే నెల రాష్ట్రంలోని సంఘాలన్నీ ఇక్కడికే వస్తున్నాయి. పిల్లలతో నిండిన గూళ్లు చూపిస్తే రాష్ట్ర సమాఖ్య అధ్యక్ష పదవి తన ఒళ్లో పడుతుందని ఆయన ఆశ.

కారు ఎప్పటిలాగే కట్ట కింది బీడులో ఆగి ఉంది. చుట్టూ యాసంగి నాట్లు పచ్చగా ఉంటే ఆ రెండెకరాలు మాత్రం ఏటా బీడే.

"ఎవడో సోమరిపోతు భూమి. మనకైతే పార్కింగ్ ఫ్రీ" అని మధుకర్ ఏటా అంటాడు. సభ్యులు ఏటా నవ్వుతారు.

సాయంత్రానికల్లా ఫొటో సంఘం గ్రూపులోకి ఎక్కింది. కింద 'గూళ్ల దొంగ' అని రాశారు. అక్కడి నుంచి ఊళ్ల గ్రూపుల్లోకి పాకింది.

ఆ నెల సమావేశానికి ముసలాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సారూ, జర ఒక్క మాట ఇనుండ్రి. ఆ చెట్ల కింద నీళ్లు తగ్గితే..."

"సభ్యత్వం ఉన్నదా?" మధుకర్ కసిరాడు.

"గదేంది సారూ?"

"సభ్యులు కానోళ్లు ఇక్కడ మాట్లాడొద్దు. సభ్యుడు కావాలంటే ఇద్దరు సభ్యులు నీకోసం సంతకం పెట్టాలె. ఎనిమిదో నియమం."

ఆ నియమం రాసింది ఆయనే. సంఘం పెరిగేకొద్దీ ఎవరు పడితే వాళ్లు లేచి తనను ప్రశ్నలు అడుగుతున్నారని ఒళ్లు మండి రాశాడు.

ముసలాయన గదిలోని నలభై మందినీ కలియజూశాడు.

"ఎవలన్న ఇద్దరు పెట్టుండ్రి మరి."

ఒక్కరూ పెన్ను తీయలేదు.

"దొంగకు సభ్యత్వమట!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

"మోకాలి లోతు నీళ్లన్న ఉండాలె సారూ" అన్నాడు ముసలాయన, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ. ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు.

అతను కుంట దరిదాపులకు రాకూడదని సంఘం ఫిర్యాదు రాసి, ముద్ర కొట్టి పంపింది. ఊరి పెద్దలు సరేనని అతన్ని కట్టడి చేశారు. గ్రూపు నిండా చప్పట్లే చప్పట్లు.

నెల తిరిగింది. అతిథుల బస్సులు రెండు బీడులో ఆగాయి.

కట్టెక్కిన పెద్దలంతా బైనాక్యులర్లు ఎత్తారు. ఎత్తినవాళ్లు ఎత్తినట్టే దించారు.

కుంటలో నీళ్లు లేవు. తుమ్మల కింద నెర్రెలిచ్చిన ఒండ్రు మీద ఊరకుక్కలు తిరుగుతున్నాయి. నేలంతా ఈకలు. గూళ్లలో ఒక్క కొంగ లేదు.

మధుకర్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఆ ముసలోడే! పగ తీర్చుకున్నడు!"

గట్టు మీద గడ్డి కోస్తున్న ఆ ఊరి బుచ్చమ్మ దగ్గరికి విసవిసా నడిచాడు. రిషిత వెనకే వచ్చింది.

"ఏమవ్వా, ఆ గూళ్ల దొంగ ఏడి?"

బుచ్చమ్మ కొడవలి ఆపింది.

"ఎవలు సారూ దొంగ? సోమనర్సయ్యనా? ఆయన ఈ కుంట నీరటికాడు. తూము ఇడుసుడు, కట్టుడు ఆయన పని."

"మరి చెట్ల కింద ఏం చేసెటోడు?"

"మన్ను బస్తాలేసి నీళ్లు ఆపెటోడు. కింద నీళ్లుంటే కుక్కలు, అడివిపిల్లులు చెట్ల కాడికి రావు. మీరేమో ఆయనను రానియ్యకపోతిరి. ఎవలకు బుద్ధి పుడితే వాళ్లు తూము లేపిండ్రు."

మధుకర్ ఎండిన కుంట వైపు తిరిగి చూశాడు.

"ఇప్పుడేడున్నడు?"

"చెల్పూర్ల ఉన్న బిడ్డ కాడికి పోయిండు. ఇగ రాడట. ఫోన్లల్ల దొంగ అని ఫొటో తిరిగినంక ఊర్లె మొఖమెట్ల చూపిస్తడు?"

రిషిత ఫోన్ తీసి సంచిలో పెట్టేసుకుంది.

ఆ ముసలాయనలో ఏదో ఒక తప్పు దొరికితే చాలనిపించింది మధుకర్‌కు.

"యాసంగి పంటకు నీళ్లియ్యకుండ ఆపితే, రైతులు ఊకున్నరా ఇన్నేండ్లు?"

బుచ్చమ్మ కొడవలి ఎత్తి బస్సులు ఆగిన బీడును చూపించింది.

"ఎందుకూకుంటరు సారూ? గందుకే ఆ పిట్టలొచ్చిన ఏడు సంది, తన పొలం వంతు నీళ్లు వాటి కిందనే ఉంచి, మీరు బస్సులు పెట్టిన ఆ రెండెకరాలు సోమనర్సయ్య బీడు పెట్టుకున్నడు."