మాంత్రికుడి మూడో శక్తి

“మాటని తీసెయ్యండి,” అన్నాడు లోహిత్. “నేల ఉంచుకోండి, ఆయుష్షు ఉంచుకోండి. మాట మాత్రం వద్దు.”

జయంతి చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. వాళ్ళు చేస్తున్న కంప్యూటర్ ఆటకి కథ రాసేది ఆమె. నియమాలు కట్టేది లోహిత్. వాటిని కంప్యూటర్‌కి ఎక్కించేది మహేశ్. సైబర్ టవర్స్ నాలుగో అంతస్తులో ఓ ఇరుకు గదిలో కూర్చుని, ఈ ముగ్గురూ అమెరికా కంపెనీ ఒకదానికి మాయలోకం తయారు చేసిపెడుతున్నారు. అందులో మాంత్రికుడికి శక్తి ఎక్కణ్ణుంచి రావాలన్నదే ఇవాళ్టి తగువు. నేల, ఆయుష్షు, మాట అని దారులు మూడున్నాయి, సీడీలో చోటు ఒక్కదానికే ఉంది. సాయంత్రంలోగా తేల్చి అమెరికాకి మెయిల్ పంపాలి.

“మాట మీ ఆలోచనే కదండీ,” అంది జయంతి. “మే నెలలో తథాస్తు దేవతల్ని ఆటలోకి తెద్దామని గంతులేసింది మీరే.”

“అప్పుడు తెలీదు.”

“ఏం తెలీదు?”

లోహిత్ అరచేత్తో నెత్తి తడుముకున్నాడు. తండ్రి శ్రీనివాసరావుగారు పోయినప్పుడు తీయించిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. ఆఫీసుకి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అతను నవ్వడు, ఏడవడు. అన్నం తిన్నావా అంటే కాసేపు ఆలోచించి చెప్తాడు. పన్ను పీకే ముందు వేసే మత్తుసూది ఒళ్ళంతా పాకినట్టు మొద్దుబారిపోయాడు. అలాంటివాడు ఈ ఒక్క విషయంలోనే పట్టుబట్టి కూర్చున్నాడు.

“ఆటలో మాట ఉంటే నేను ఉండను. ఉద్యోగం మానేసి వెళ్ళిపోతాను,” అన్నాడు.

మహేశ్ కుర్చీ ఇటు తిప్పాడు. పుప్పాలగూడ మనిషి, ఎంత పెద్ద తగువునైనా తేలిక చేసేస్తాడు. “ఏందన్నా, గింత దానికి కొలువు ఇడిచిపెడ్తవా? జర నిమ్మళంగ మాట్లాడుకుందం. నా నేల సంగతి ఇను. కాళ్ళు భూమ్మీద ఉన్నంతసేపు మంత్రగానికి బలం. పడవెక్కిండంటే ఖతం.”

“ఆటలో సగం సముద్రమే కదా మహేశ్,” అంది జయంతి.

“గదే పరేషాన్,” అని ఒప్పేసుకున్నాడు మహేశ్. నేల అక్కడితో పోటీలోంచి తప్పుకుంది.

బయటెక్కడో బండలు పేలిస్తే కిటికీ అద్దాలు అదిరాయి. రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు.

“ఆయుష్షులో న్యాయం ఉంది,” అన్నాడు లోహిత్. “మంత్రం వేసినప్పుడల్లా మాంత్రికుడికి ఓ ఏడాది వయసు మీద పడుతుంది. ఎవడు చేసినదానికి వాడే పడతాడు.”

“న్యాయం ఉంది, కథే లేదు. అదే మాటైతే చూడండి. దీపాలు పెట్టే వేళకి ఆకాశంలో తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. అప్పుడు మాంత్రికుడి నోట ఏం వస్తే అది జరిగిపోతుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇలా చెప్పేగా మా నోళ్ళు మూయించేది.”

“వాడు ఉత్తుత్తినే అన్నా జరుగుతుందా?”

“జరుగుతుంది. ఉత్తుత్తిదో కాదో దేవతలకేం తెలుస్తుంది?”

“వెనక్కి తీసుకోడానికి?”

“వీల్లేదు. ఆ నియమం పెట్టింది మీరే.”

“అన్నది ఒకడు, పడేది ఇంకొకడు,” అన్నాడు లోహిత్. గొంతులో కోపం కూడా లేదు. “అలాంటి ఆట ఎవరాడతారండీ?”

మహేశ్ నవ్వాడు. “మాటకు అంత బలమే ఉంటే, మా తాత ఈశ్వరయ్య తిట్టిన తిట్లకు పుప్పాలగూడల ఒక్కడు మిగలకపోతుండె. అందరు గుండ్రాయిలెక్క ఉన్నరు.”

“నిజమేనా? ఒక్కళ్ళకీ ఏమీ కాలేదా?”

మహేశ్ నవ్వు ఆగిపోయింది. సరదాకి అన్నదాన్ని లోహిత్ ఇంత గట్టిగా పట్టుకుంటాడనుకోలేదు. “కాలేదన్నా. ఒట్టు.”

లోహిత్ గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

ఇంతలో వాళ్ళ మేనేజరు చలపతిరావు వచ్చాడు. కోప్పడ్డం చేతకాని పెద్దమనిషి. జయంతి చెప్పిందంతా విని, లోహిత్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఒక్క కారణం చెప్పు లోహిత్. అవతలివాళ్ళకి ఏదో ఒకటి రాయాలి కదా.”

“మాటకి అంత శక్తి ఉందని నమ్మితే ఎవరూ నోరు విప్పలేరు సార్.”

అదీ ఒక కారణమేనా అని ఎవరూ అనలేదు. చలపతిరావు జయంతి వైపు చూశాడు. ఎంతో ఇష్టపడి రాసుకున్న కథ. ఆమె గోళ్ళు చూసుకుంటూ, “తీసేద్దాం సార్. ఆయన మనసు బాగాలేదు,” అంది.

మహేశ్ కీబోర్డు మీద టకటకా కొట్టాడు. ఆటలోంచి మాట వెళ్ళిపోయింది. కోరుకున్నది దక్కినా లోహిత్‌కి సంతోషం కలగలేదు. కలుగుతుందేమోనని కొంచెంసేపు చూశాడు కూడా.

చలపతిరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “నిన్ను నువ్వు నిందించుకోకయ్యా. కొడుకుగా చెయ్యాల్సిందంతా చేశావు. జూన్‌లో మీ నాన్నగారికి మొదటిసారి గుండెపోటు వచ్చినప్పుడు నువ్వెంత కంగారుపడ్డావో నాకు తెలీదా? దీపాలు పెట్టే వేళకి ఫోన్ చేశావు, నాన్నని ఆస్పత్రిలో చేర్చాం, రేపు రాలేనని. ఆ మాటలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. నెల తిరక్కుండానే రెండోది వస్తే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?”

“అవునన్నా,” అన్నాడు మహేశ్. “నువ్వు దవాఖానల ఉన్న దినమే మనోళ్ళు వరల్డ్ కప్పుల పాకిస్తాన్ మీద గెల్చిరి. ఈడ అందరం రేడియో చుట్టు కూసున్నం. నువ్వు యాదికొచ్చి మిఠాయి గూడ తినబుద్ధి కాలే.”

జయంతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోహిత్ ముగ్గురికీ తల ఊపాడు.

ఆ మ్యాచ్ ఆసాంతం లోహిత్ ఇంట్లోనే, అప్పటికి ఏ జబ్బూ లేని నాన్న పక్కన కూర్చుని టీవీలో చూశాడు.